చవక జూమ్‌తో గూడబాతుల వేట

నేలపట్టు వెళ్లి గూడబాతుల్ని ఫొటో తీస్తే, కెమెరాతోపాటు ఇచ్చిన చిన్న లెన్సులో అవి తెల్లటి చుక్కల్లా పడతాయి. ఇక చూపు చవక టెలిఫొటో జూమ్‌ల మీదికి మళ్లుతుంది. అందులో చాలామంది కొన్నది కెనాన్ 75-300 ఎంఎం. బరువు అరకిలోలోపే. ఏపీఎస్-సి కెమెరాకు తగిలిస్తే 480 ఎంఎం లెన్సుతో చూసినంత దగ్గరగా కనిపిస్తుంది పక్షి.

చిక్కంతా 300 దగ్గరే! అక్కడ అపర్చర్ ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. వెలుగు తగ్గితే షట్టర్ వేగమూ తగ్గించాలి. చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఇందులో లేదు కాబట్టి బొమ్మ అలుక్కుపోతుంది. పైగా రెక్కల అంచుల్లో ఊదారంగు చార. ఫోకస్ నిదానం... ఎగిరే పక్షి చిక్కదు.

అలాగని పనికిరానిదేం కాదు. ఉదయపు ఎండ, ఎఫ్/8, కనీసం 1/500 సెకను షట్టర్, 200-250 మధ్య జూమ్, మోచేతులకు కాస్త ఆసరా. ఇవి కుదిరితే గూటిలో పిల్లకు మేత పెట్టే తల్లి చక్కగా వస్తుంది. సంధ్యవేళ కూడా తీయాలనుకుంటే మాత్రం, 2007లో వచ్చిన 55-250 ఐఎస్ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవడం మేలు. దూరం కొంచెం తగ్గినా వణుకు బెడద తగ్గుతుంది.