కడుపుమంటకు వెనిగర్ మందు కాదు

మా వేముల మండలంలో చాలా ఇళ్లకు వంటగట్టు కడప బండే. ఎర్రగుంట్ల వైపు గనుల్లో తీసి సాన పట్టించిన నల్లరాయి. మొన్న మా చిన్నాయన వాళ్లింట్లో ఆ గట్టు మీద గుండ్రంగా ఒక తెల్లమచ్చ కనిపించింది. రోజూ యాపిల్ సైడర్ వెనిగర్ సీసా పెట్టే చోటు. సీసా అంచున కారిన చుక్కలు రాతి నిగనిగను తినేశాయి.

"ఇదేంది చిన్నాయనా?" అన్నాను.

"కడుపుమంటకు మంచిదంటప్పా. పొద్దున్నే రెండు చెంచాలు నీళ్లలో కలుపుకోని తాగుతాండా."

"తగ్గిందా మరి?"

"మొదట్లో మండుతాదంట. ఆనక తగ్గుతాదంట."

ఆ "అంట" మీదే నా పేచీ. ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు, ఎక్కడ నలుగురు కూర్చున్నా ఇదే మాట. మంట వచ్చేది కడుపులో యాసిడ్ ఎక్కువై కాదట, తక్కువైనందుకట. కాబట్టి ఇంకాస్త పులుపు పోయాలట.

ఈ మాట తప్పు. అన్నవాహిక అడుగున ఒక కండరం ఉంటుంది. ముద్ద లోపలికి దిగాక అది బిగుసుకోవాలి. అది వదులైతే కడుపులోని యాసిడ్ పైకి తన్నుకొస్తుంది. కడుపు గోడకు దాన్ని తట్టుకునే జిగురుపొర ఉంది. అన్నవాహికకు అంత రక్షణ లేదు, అందుకే ఛాతీలో మంట. యాసిడ్ చాలకే మంట వస్తున్నదైతే, యాసిడ్‌ను తగ్గించే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ మాత్రలకు ఆ మంట పెరగాలి. తగ్గుతున్నది కదా! వెనిగర్ అంటే సుమారు 5 శాతం ఎసిటిక్ యాసిడ్. యాపిల్ పండు పేరు చెప్పినంత మాత్రాన దాని గుణం మారదు. అది ఛాతీమంటను తగ్గిస్తుందని నిలబడే రుజువు లేదు.

ఇదేం కొత్త వైద్యమూ కాదు. అమెరికాలో వెర్మాంట్ వైద్యుడు డి.సి. జార్విస్ 1958లోనే పుస్తకం రాసి వెనిగర్, తేనె కలిపి తాగమన్నాడు. బరువు తగ్గిస్తుందని 2024లో లెబనాన్ పరిశోధకులు ఒక బ్రిటన్ వైద్య పత్రికలో రాస్తే లోకమంతా మోగింది. లెక్కలు నమ్మదగ్గవి కావని తేలి 2025లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. మొదటి వార్త మా ఊరిదాకా వచ్చింది. రెండోది రాలేదు.

భోంచేశాక పెరిగే షుగర్‌ను వెనిగర్ కొంత తగ్గిస్తుందని చిన్న చిన్న పరిశోధనలు చెప్పిన మాట నిజమే. కానీ షుగర్ వల్ల కడుపు కదలిక మందగించిన 10 మందికి స్వీడన్‌లో వెనిగర్ ఇచ్చి చూశారు. 2007లో అచ్చయిన ఆ పరిశోధనలో, కడుపు ఖాళీ అయ్యే వేగం 27 శాతం నుంచి 17 శాతానికి పడిపోయింది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న మా చిన్నాయన, "తిన్న సంగటి తిన్నట్టే ఉంటాంది" అనడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

దేంట్లో ఏది పోయాలో ముందు చూసుకోవాలని మా మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గనిని చూసినా తెలుస్తుంది. అక్కడ యురేనియం ఉన్న రాయి సున్నపురాయి జాతిది. యాసిడ్ పోస్తే ఆ యాసిడ్‌ను రాయే తాగేస్తుంది. అందుకే జార్ఖండ్‌లోని జాదూగూడలో మాదిరి యాసిడ్ వాడకుండా, ఇక్కడ సోడా ద్రావణాలతో యురేనియం తీస్తారు. రాయి ఏ జాతిదో చూశాకే దేంతో కరిగించాలో తేల్చుకున్నారు. మనిషి కడుపుకు ఆపాటి పరీక్ష అక్కర్లేదా?

పరీక్ష చేయిస్తే బయటపడేవి వేరే ఉంటాయి. చీనీకాయ కోసేవాళ్లు, చెనిక్కాయ పీకేవాళ్లు నడుంనొప్పికి మందులషాపులో రెండు మాత్రలు కొనుక్కుని, పరగడుపునే టీతో మింగి పనికి పోతారు. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు అలా రోజూ మింగితే కడుపుగోడను కాపాడే పొర దెబ్బతిని పుండు పడుతుంది. మా చిన్నాయన మోకాళ్లనొప్పికి ఏడాదిగా ఇవే మింగుతున్నాడని, ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు డాక్టరు అడిగేదాకా ఇంట్లో ఎవరికీ తెలీదు. పైనుంచి మాత్ర, ఆ వెంటే వెనిగర్! ఆ రోజు డాక్టరు ముందు తల వంచుకుని కూర్చున్న ఆయన్ను చూస్తే నాకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. ఎండోస్కోపీ అంటే భయం, ఆసుపత్రి ఖర్చంటే భయం. ఆ భయం మీదే ఈ సీసాలు అమ్ముడుపోతున్నాయి.

ఇంకొకటి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి. పుండ్లకు కారణం కారం, దిగులు అని వైద్యులే నమ్ముతున్న రోజుల్లో, ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ 1984లో ఆ క్రిమి ఉన్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. రాబిన్ వారెన్‌తో కలిసి 2005లో నోబెల్ అందుకున్నాడు. ఆ క్రిమి ఉందని తేలితే రెండు వారాల యాంటీబయాటిక్ వైద్యంతో చాలామందికి పోతుంది. వెనిగర్‌తో పోదు.

"నాకు తగ్గింది" అనేవాళ్లున్నారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. ఛాతీమంట వస్తూ పోతూ ఉండే జబ్బు. పైగా వెనిగర్ మొదలుపెట్టిన మనిషి రాత్రి తిండి తగ్గిస్తాడు, తిన్న వెంటనే పడుకోవడం మానేస్తాడు. గుణం వాటిది, పేరు సీసాది.

వెనిగర్ సలాడ్‌లో వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ముద్ద మింగుడు పడకపోయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా వెంటనే డాక్టరుకు చూపించుకోండి. ఛాతీ బిగపట్టి చెమటలు పడుతూ, నొప్పి ఎడమచేతికో దవడకో పాకితే అది గ్యాస్ అనుకుని వెనిగర్ కలుపుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.