గుప్పెడు గింజలతో కుప్పకు తీర్పా?

నిజాంసాగర్ ఆయకట్టులో వరికోతలు ముందుగా పడేది రుద్రూర్, వర్ని, కోటగిరి వైపు. కనుక కొనుగోలు కేంద్రాల వద్ద తేమ తగాదా కూడా ముందుగా ఈ వైపే మొదలవుతూ ఉంటుంది. వడ్లు బాగా ఆరినవని రైతు అంటాడు. కేంద్రంలోని మీటరు 16 శాతం చూపుతుంది. లారీ మిల్లుకు చేరిన తర్వాత అక్కడి మీటరు 19 చూపుతుంది. ఆపైన సంచికి కిలో తరుగు ఒప్పుకుంటే దించుకుంటాం, లేకుంటే లారీ వెనక్కి తీసుకుపొమ్మని ఫోను వస్తుంది. రైతు దీన్ని దగా అంటాడు. మిల్లరు నాసిరకం ధాన్యం అంటాడు. కేంద్రం నడిపే మహిళా సంఘం వారో, సొసైటీ వారో నడుమ నలిగిపోతారు.

ఈ ముగ్గురిలో అబద్ధం ఎవరిదని వాదించుకోవడంతోనే సీజను గడిచిపోతున్నది. ఎవరూ అబద్ధమాడకుండానే ఒకే లారీకి 16, 19 రెండూ రావచ్చునన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు. దగా ఎక్కడా లేదని చెప్పడం మన ఉద్దేశం కాదు. అయితే దగాను పట్టుకోవాలన్నా ముందు సహజమైన హెచ్చుతగ్గు ఎంత ఉంటుందో తెలిసి ఉండాలి.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలునంటారు పెద్దలు. ఆ మాట కుండకు సరిపోతుంది. ఎసరు మరిగి మెతుకులన్నీ కిందికీ మీదికీ తిరుగుతుంటాయి గనుక ఏ మెతుకు పట్టినా ఇంచుమించు ఒకటే. వడ్ల కుప్పను ఎవరు మరిగించారు? కాల్వ దాపున ఉన్న మడిలో గింజ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే మెరక మడి ఎండిపోయి ఉంటుంది. కోత మిషను రెండింటినీ ఒకే తొట్టిలో పోస్తుంది. ఆరబోసిన చోట పై పొర ఎండుతుంది, నేలను అంటుకున్న పొర చెమ్మ పడుతుంది. రాత్రి కుప్ప చేసి పరదా కప్పితే లోపలి తేమ లోపలే ఉంటుంది, తెల్లవారేసరికి అంచులు మంచుకు తడుస్తాయి. ఇటువంటి కుప్పలో ఒక్క గుప్పెడు తీసి మీటరులో పోసి వచ్చిన అంకెను కుప్ప మొత్తానికీ అంటగట్టడం మెతుకు సామెతను తప్పు చోట వాడడమే.

ఒక కుప్పలో ఐదు చోట్ల గింజలు తీశామనుకుందాం. పైన 14, నడుమ 16, ఒక పక్క 17, మరో పక్క 18, అడుగున 19 వచ్చాయి. సగటు కడితే 16.8. ప్రభుత్వం పెట్టిన హద్దు 17 కనుక ఈ కుప్ప కొనదగినదే. కానీ రైతు పై గింజలు తీసి చూపితే 14 అవుతుంది. మిల్లులో అడుగు సంచిని గుచ్చి చూస్తే 19 అవుతుంది. ఇద్దరూ కళ్ళారా చూసిన అంకెలే చెబుతున్నారు. కుప్ప సంగతి మాత్రం ఇద్దరికీ తెలియదు.

ఇప్పుడు తరుగు లెక్క చూద్దాం. ఇది ప్రతి రైతూ కాగితం మీద వేసుకోదగిన లెక్క. 40 కిలోల సంచిలో తేమ 19 శాతం ఉంటే నీరు పోగా మిగిలేది 32.4 కిలోలు. అదే సరుకు 17 శాతానికి ఆరితే తూకం సుమారు 39.04 కిలోలు. అంటే న్యాయమైన తరుగు కిలోకు కొంచెం తక్కువే. మరి 15 శాతానికి ఆరబెట్టి తెచ్చిన రైతు సంగతేమిటి? అతని 40 కిలోల సంచిలో ఉన్న సరుకు 17 శాతం లెక్కన 40.96 కిలోలతో సమానం. అతడు అప్పటికే దాదాపు కిలో ఎక్కువ ఇచ్చాడు. అతని సంచికీ అందరితోపాటు కిలో తరుగు వేస్తే రెండు కిలోల నష్టం. 2025-26లో ఎ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ ధరన సంచికి కిలో తరుగంటే క్వింటాలుకు సుమారు 60 రూపాయలు. ఎకరాకు 25 క్వింటాళ్ళు పండినవాడికి సుమారు 1,500 రూపాయలు పోతాయి.

డబ్బు నష్టం ఒక ఎత్తు, దాని వెనుక వచ్చే నష్టం మరొక ఎత్తు. బాగా ఆరబెట్టినవాడికీ, పచ్చివి తెచ్చినవాడికీ ఒకటే తరుగైతే వచ్చే సీజనులో నాలుగు రోజులు ఎండలో కాపలా కాచి ఆరబెట్టేవారెవరు? తరుగు ఎటూ తప్పదన్నప్పుడు మంచి రైతు కూడా చేను మీది వడ్లు నేరుగా కేంద్రానికి తోలుతాడు. అప్పుడు మిల్లరు మరింత తరుగు అడుగుతాడు. అందరినీ ఒకే కర్రతో తోలితే సరుకు బాగుపడకపోగా ఇంకా చెడుతుంది. మంచి సరుకు కావాలంటున్న మిల్లర్లే ఈ సంగతి ముందుగా గ్రహించవలసి ఉన్నది.

హెచ్చుతగ్గులు రెండు రకాలని అమెరికాలో టెలిఫోను సామాన్ల తయారీలో పనిచేసిన వాల్టర్ షూహార్ట్ అనే ఆయన 1924లోనే పటం గీసి చూపాడు. పని సక్రమంగా సాగుతున్నా రోజూ ఉండే చిన్నచిన్న తేడాలు ఒక రకం. ఏదో ఒక కారణం కొత్తగా వచ్చిపడి పుట్టే తేడా రెండో రకం. మొదటి రకానికి మనిషిని నిందించి లాభం లేదు, పని పద్ధతినే మార్చుకోవాలి. రెండో రకం కనబడినప్పుడు ఆ కారణాన్ని వెతికి పట్టుకోవాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే ఉన్న పని కూడా చెడుతుంది. ఆయన 1947-48లో మన దేశానికి కూడా వచ్చి వెళ్ళాడు.

మన కేంద్రానికి దీన్ని అన్వయించి చూడండి. కుప్ప కుప్పకూ ఒకటి రెండు శాతం తేడా ఉంటే అది మొదటి రకం. ఐదు చోట్ల గింజలు తీసి సగటు కట్టడమే దానికి మందు. ఒక రోజున వచ్చిన కుప్పలన్నీ ఒక్కసారిగా 20 దాటాయంటే అది రెండో రకం. రాత్రి వాన పడిందా, పరదాలు చిరిగాయా, మీటరు బ్యాటరీ అయిపోయిందా అని అప్పుడు వెతకాలి. మనవాళ్ళు సాధారణంగా తలకిందులుగా చేస్తారు. ఒక్క శాతం తేడాకు గొడవ పడతారు, మీటరు చెడిపోయి వారమైనా చూడరు.

మిల్లు మీటరు సంగతి కూడా ఇలాగే తేల్చవచ్చు. పది లారీలకు కేంద్రం అంకె ఒక పక్క, మిల్లు అంకె ఒక పక్క రాసి చూడాలి. నాలుగు లారీలకు మిల్లు ఎక్కువ, ఆరింటికి కేంద్రం ఎక్కువ వస్తే అది కుప్పలోని హెచ్చుతగ్గే, ఎవరినీ అనుమానించే పని లేదు. పదికి పదిసార్లూ మిల్లు అంకే ఎక్కువ వస్తే? నాణెం పదిసార్లు ఎగరేస్తే పదిసార్లూ బొమ్మే పడే అవకాశం 1,024లో ఒక్కటి. దాన్ని కాకతాళీయమని కొట్టిపారేయలేము. అప్పుడైనా వెంటనే దగా అనరాదు. లారీ రెండు రోజులు మంచులో నిలిచి ఉండవచ్చు, అడుగు సంచులే గుచ్చుతూ ఉండవచ్చు, ఏదో ఒక మీటరు తప్పు చూపుతూ ఉండవచ్చు. ఒకే గుప్పెడు వడ్లను గాలి చొరని కవరులో కట్టి రెండు మీటర్లలోనూ పోసి చూస్తే మీటరు తప్పో కాదో గంటలో తేలుతుంది. ఆ పరీక్షకు ఒప్పుకోనివారి మాట వేరు.

ఈ విద్య మనకు పరాయిదేమీ కాదు. ఊళ్ళో పంట కోత ప్రయోగం చూడనివారుండరు. అధికారులు వరిచేనులో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు ముక్క కొలిచి, కోసి తూస్తారు. బాగా పండిన మూల వదిలి ఇక్కడెందుకు కొలుస్తున్నారని రైతు అడుగుతాడు, పాడైన చోటు కోస్తే బీమా వస్తుందని పక్కవాడు సలహా ఇస్తాడు. ఎవరి ఇష్టానికీ వదలకుండా చీటీ తీసినట్టు చోటు ఎంచడంలోనే ఆ ప్రయోగానికి విలువ ఉన్నది. 1931లో కలకత్తాలో గణాంక సంస్థను నెలకొల్పిన మహలనోబిస్, వ్యవసాయ పరిశోధనా మండలిలో పనిచేసిన సుఖాత్మే వంటివారు ఈ పద్ధతిని దేశంలో పాదుకొల్పారు. ఆ కలకత్తా సంస్థలోనే పేరు తెచ్చుకున్న మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు, నమూనాల నుంచి కట్టిన అంచనాలో ఎంత ఒడుదుడుకు తప్పదో 1945లోనే లెక్క తేల్చారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకొని, ఆ ఏడే కన్నుమూశారు. ప్రపంచానికి నమూనాల లెక్క నేర్పినవారిలో మనవారుండగా, మన కేంద్రాలలో ఇంకా పై గుప్పెడు, అడుగు గుప్పెడు తగాదాలే నడవడం విచారకరం.

రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఉన్నది. పరిశోధన మళ్ళలో ఒక రకాన్ని ఒకే చోట వేసి మంచిదనో చెడ్డదనో తేల్చరు. అదే రకాన్ని వేరువేరు ముక్కల్లో నాటి, అన్నింటి దిగుబడీ చూసి మాట్లాడతారు. నేల సత్తువ అడుగడుక్కూ మారుతుంది గనుక అలా చేస్తారు. రైతులం మాత్రం పక్క చేనులో ఒక ఏడాది విరగబండిన విత్తనం కోసం మరుసటి ఏడాది దుకాణం ముందు బారులు తీరుతాం. ఆ పంట విత్తనం గొప్పా, ఆ మడి గొప్పా, ఆ ఏటి వాన గొప్పా అని అడిగేవారు తక్కువ. 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు వచ్చిన తర్వాత గింజ పొడవు, వెడల్పు కొలిచే పనికూడా కేంద్రాలకు వచ్చింది. అక్కడా ఇదే ప్రశ్న. ఎన్ని గింజలు, ఏ సంచుల నుంచి తీసి కొలిచారన్నది కాగితం మీద లేకపోతే ఆ కొలతకు విలువేమిటి?

కేంద్రం వారు చెప్పే ఇబ్బంది ఒకటున్నది. వరుసలో లారీలు, హమాలీల తొందర, ఐదు చోట్ల గింజలు తీసే తీరిక ఎక్కడిదని. ఐదు గుప్పెళ్ళు తీసి చూడడానికి పట్టేది కొద్ది నిమిషాలే. తరుగు తగాదాతో మిల్లు ముందు లారీ ఒక రాత్రి నిలిచిపోతే పోయే సమయంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

వచ్చే కోతలలోగా అధికారులు మండలంలో కనీసం రెండు కేంద్రాలలో దీన్ని మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాము. ప్రతి కుప్పకూ ఐదు అంకెలు, వాటి సగటు, మీటరు నంబరు, తేదీ, రైతు సంతకం ఒక పుస్తకంలో ఉండాలి. ట్రక్ షీట్ మీద కేంద్రం సగటు రాయాలి, మిల్లు కూడా తాను ఏ సంచుల నుంచి తీసి ఎంత చూసిందో దాని పక్కనే రాసి ఇవ్వాలి. తరుగు వేస్తే ఆ కుప్ప తేమను బట్టి వేయాలి, 17 లోపు ఉన్నవారికి తేమ పేరున గ్రాము కూడా తీయరాదు. రుద్రూర్‌లోనే ఆహార సాంకేతిక కళాశాల ఉన్నది, నాణ్యత పరీక్షలు అక్కడి విద్యార్థుల చదువులో భాగమే. సీజనులో వారానికొకసారి కేంద్రం మీటరునూ మిల్లు మీటరునూ ఒకే నమూనాతో సరిచూసే పని వారికి అప్పగిస్తే వారికీ పాఠం, రైతుకూ ధైర్యం. ఆ పుస్తకంలోని అంకెలను రోజూ సాయంత్రం కేంద్రం గోడ మీద బోర్డులో రాయించాలి. పది రోజుల అంకెలు వరుసగా కనబడితే ఏ మీటరు ఎటు వాలుతున్నదో చదువురాని రైతుకు కూడా ఎవరూ చెప్పనక్కరలేదు.