కార్డు మీద వచనం, అధ్యాయంలో దేవుని మాట

ధ్యాన భాగం: యిర్మీయా 28, 29 అధ్యాయాలు



తెల్లారేసరికి ఫోన్ల నిండా వాక్యాలే. ఒక పువ్వుల బొమ్మ, దాని మీద ఒక వచనం. చూడగానే ‘ఆమేన్’ అని పెట్టి, స్టేటస్‌లో ఎక్కించి, పనికి వెళ్ళిపోయేవారు మన సంఘాల్లో ఎందరో. డిసెంబరు 31 రాత్రి కూడికలో అందుకున్న వాగ్దాన కార్డు ఏడాదంతా బీరువా తలుపుకు అంటుకొని ఉంటుంది. బైబిలు మాత్రం ఆదివారం నుండి ఆదివారం దాకా సంచిలోనే ఉంటుంది. దీనికి అనుదిన ధ్యానం అని పేరు. ఇది ధ్యానం కాదని చెప్పడానికే ఈ మాటలు రాస్తున్నాం.

ఆ కార్డులన్నిటిలో ఎక్కువగా కనబడేది యిర్మీయా 29:11. మన విషయంలో దేవుని తలంపులు మేలుకరమైనవని, మనకు నిరీక్షణ ఉందని చెప్పే వచనం. అది సత్యమే. అయితే అది ఎవరికి రాసిన మాట? యెరూషలేము నుండి బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా పంపిన ఉత్తరంలోని మాట అది. దానికి ముందున్న పదవ వచనం చూడండి. 70 సంవత్సరాలు నిండిన తరువాతే తిరిగి రప్పిస్తానని దేవుడు చెప్పాడు. ఆ ఉత్తరం విన్నవారిలో నలభై ఏళ్ళు దాటినవారు సొంత ఊరి మట్టిని మళ్ళీ తొక్కే ఆశ లేదు. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని కూడా ఆ ఉత్తరమే చెప్పింది. దేవుని మేలు చెర తప్పించే మేలుగా రాలేదు, చెరలో నిలబెట్టే మేలుగా వచ్చింది.

ఇప్పుడు ఒక అధ్యాయం వెనక్కి వెళ్ళండి. అక్కడ హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. అతడూ యెహోవా పేరుతోనే మాట్లాడాడు. రెండేళ్ళలో అంతా తిరిగి వస్తుందన్నాడు. యిర్మీయా మెడ మీది కాడిని తీసి అందరి ముందు విరిచేశాడు. వినడానికి ఎంత కమ్మగా ఉండి ఉంటుంది! కానీ అది దేవుడు పంపిన మాట కాదు. కొయ్యకాడి పోయి ఇనుపకాడి వచ్చింది. హనన్యా ఆ ఏడాది ఏడవ నెలలో చనిపోయాడు.

అధ్యాయం చదవకుండా కార్డు ఒక్కటే చూస్తే జరిగేది ఇదే. కార్డు మీద ఉన్నది యిర్మీయా వచనం, మన చెవికి వినబడేది హనన్యా మాట. ఈ ఏడాదే అప్పు తీరుతుంది, ఈ ఏడాదే ఉద్యోగం వస్తుంది అని వినబడుతుంది. పత్తి పోయినప్పుడు, జబ్బు తగ్గనప్పుడు ఒకరు దేవుడు మాట తప్పాడంటారు, మరొకరు నా విశ్వాసం చాలలేదని కుమిలిపోతారు. రెండూ తప్పే. దేవుడు చెప్పని మాటకు దేవుణ్ణి లెక్క అడగడం, మనల్ని మనం నిందించుకోవడం ఎంత బాధాకరం! ఒంటరి వచనం ఆత్మలను ఇలా గాయపరుస్తోంది గనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాం.

‘అసలు చదవకపోవడం కంటే ఒక్క వచనమైనా మేలే కదా’ అంటారు. కువైట్ నుండి కొడుకు ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపితే, మధ్యలో ఒక్క మాట విని ఫోను పక్కన పెట్టేసే తల్లి ఉంటుందా? ‘మాకు చదువు రాదు’ అనే పెద్దలారా, అదే ఫోనులో బైబిలు ఆడియో ఉంది. మనవరాలి చేత చదివించుకొని వినండి, ఆ బిడ్డకూ మేలు. ‘అయ్యగారు చెబుతారుగా’ అంటారా? పౌలు బోధించినా బెరయవారు అవి అలాగే ఉన్నాయో లేవో అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు (అపొ. 17:11). పౌలునే పరిశీలించినవారు ఘనులైతే, మమ్మల్ని పరిశీలించడం మీ బాధ్యత కాదా?

క్రొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం చదివితే ఒక్క ఏడాదిలో పూర్తవుతుంది. చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరు ఎవరితో చెప్పిన మాట? అప్పుడు వారికి దాని అర్థమేమిటి? ఈ రోజు దేవుడు నన్ను ఏమి చేయమంటున్నాడు? జవాబు ఒక నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకొని, దాన్నే ప్రార్థనగా చేయండి. నాట్ల రోజుల్లో అలసట ఎంతో మాకు తెలుసు. అధ్యాయం పెద్దదైతే సగమే చదవండి, మిగతా సగం మరునాడు. కానీ సందర్భాన్ని వదలకండి.

బీరువా మీది కార్డును చింపనక్కరలేదు. ఈ రాత్రి ఆ వచనం ఏ అధ్యాయంలో ఉందో తెరిచి, మొదటి నుండి చివరి దాకా ఇంటిల్లిపాదీ చదవండి. మీ కార్డు యిర్మీయా 29:11 అయితే ఇంకో రెండు వచనాలు కిందికి దిగండి. పూర్ణ హృదయంతో వెదకేవారికి తాను దొరుకుతానని దేవుడు అక్కడ చెబుతున్నాడు. ఆ మాట కార్డు మీద లేదు.

ప్రభువు తన వాక్యం చేత మిమ్మును స్థిరపరచును గాక. ఆమేన్.