పాత బండికి కొత్త ఇంజన్ కంప్యూటరా? కొనేముందు మా మాట

కోయంబత్తూరు చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో పాత కారుని అంత తేలిగ్గా అమ్మరు. జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టిన ఊరు ఇది. మారుతి 800 ఇంజన్‌తో రేసు కార్లు కట్టిన కరివర్ధన్ గారి ఊరు కూడా ఇదే. ఆయన పేరుతోనే చెట్టిపాళయంలో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. అందుకని మన పిల్లలు నాయన వాడిన ఎస్టీమ్‌నో, తాత కొన్న జెన్‌నో బాగుచేసి నడుపుకుంటామంటే మాకు సంతోషమే. కానీ ఈమధ్య ఎవరిని కదిపినా అడిగేది ఒకటే: "ఏ ఈసీయూ వేయిద్దాం?"

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. బాక్సు మీద పేరు చూసి కొనవద్దు. దాన్ని ట్యూన్ చేసే మనిషిని ముందు చూసుకోండి, పాత వైరింగుని కత్తిరించనివ్వకండి, మ్యాప్ ఫైలు మీ చేతికి తీసుకోండి. ఈ మూడూ కుదరకపోతే ఉన్న కంప్యూటర్‌తోనే నడపడం మేలు.

అసలు మార్చాల్సిన అవసరం ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. బండి లాగడం లేదు, పెట్రోలు వాసన వస్తోంది అనగానే కంప్యూటర్ మీద నెపం వేస్తారు. కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ పాడై ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని చెప్తే, ఏ కంప్యూటరైనా పెట్రోలు ఎక్కువే పోస్తుంది. ఇన్‌టేక్ దగ్గర గాలి లీకు, తుప్పు పట్టిన ఎర్త్ పాయింటు, నీరసించిన ఫ్యూయల్ పంపు, ముసలిదైన ఆక్సిజన్ సెన్సార్, వీటన్నిటినీ చూసి, కంప్రెషన్ కొలిపించాకే మిగతా మాట. జబ్బు ఇంజన్‌లో ఉంటే కొత్త ఈసీయూ దాన్ని నయం చెయ్యదు.

ఇప్పుడు నిజమైన కారణం ఒకటి వచ్చింది. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. 20 శాతం కలిపితే ఆ లెక్క సుమారు 13.5కి దిగుతుంది. అంటే అంతే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ పోయాలి. నిదానంగా పోయేటప్పుడు ఆక్సిజన్ సెన్సార్ చూసి పాత కంప్యూటర్ కొంతవరకు సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం చాలా పాత కంప్యూటర్లు ఆ సెన్సార్ మాట వినవు. ఇంకో సంగతి, పాత రబ్బరు పైపులకు, సీళ్లకు ఇథనాల్ పడకపోవచ్చు. వాటిని మార్చడం కంప్యూటర్ కంటే ముందు పని.

మీ ముందున్న దారులు మూడు. మొదటిది రీమ్యాప్, అంటే ఉన్న కంప్యూటర్‌లోనే లెక్కలు మార్చడం. టర్బో డీజిల్ బండికి దీనివల్ల తేడా బాగా తెలుస్తుంది. టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజన్‌కి కొద్దిగానే. పైగా 2000 ప్రాంతపు కంప్యూటర్లు చాలావాటిని ల్యాప్‌టాప్ తగిలించి రాయలేం, విప్పి చిప్పు దాకా పోవాలి.

రెండోది పిగ్గీబ్యాక్. సెన్సార్లకు, పాత కంప్యూటర్‌కు మధ్య కూర్చుని సంకేతాలను కాస్త మారుస్తుంది. బెంగళూరులో తయారయ్యే పవర్‌ట్రానిక్ ఇలాంటిదే. తీసేస్తే బండి మళ్లీ మునుపటిలా అవుతుంది, అది పెద్ద గుణం. లోపం ఏమంటే, ఇది పెంచిన పెట్రోలుని అసలు కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సార్ చూసి మళ్లీ తగ్గించబోతుంది. ఇద్దరి పెత్తనం ఒక ఇంట్లో నడిచినట్టు ఉంటుంది.

మూడోది స్టాండలోన్, పాతదాన్ని తీసేసి పూర్తిగా కొత్తది. ఆస్ట్రేలియా హాల్‌టెక్, న్యూజిలాండ్ లింక్, పోలండ్ ఈసీయూమాస్టర్, సొంతంగా కట్టుకునేవాళ్లకు మెగాస్క్విర్ట్, ఆర్డుయినో మీద నడిచే స్పీడుయినో. కామ్‌షాఫ్ట్ మార్చినా, టర్బో పెట్టినా, కార్బురేటర్ తీసి ఇంజెక్షన్ వేసినా ఇదే దారి. కార్బురేటర్ బండికైతే క్రాంకు దగ్గర పళ్ల చక్రం, సెన్సార్, హైప్రెషర్ పంపు కూడా కొత్తగా కావాలి. బాక్సు ధర చూసి మురిసిపోతే తర్వాత వైరింగు, వైడ్‌బ్యాండ్ సెన్సార్, డైనో గంటల ఖర్చు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

ట్యూనర్‌ని ముందు చూసుకోమన్నది ఇందుకే. డైనో మీద ఫుల్ థ్రాటిల్ లెక్కలు ఒక మధ్యాహ్నంలో కుదురుతాయి. పొద్దున్నే ఒక్క తిప్పుకి స్టార్టవడం, ఏసీ వేసినప్పుడు ఇంజన్ ఆగిపోకుండా ఉండటం, ఇవి రోజుల పని. చల్లని ఇంజన్ స్టార్టింగుని సరిచూడాలంటే రాత్రంతా ఆరనివ్వాలి, రోజుకి ఒక్క ప్రయత్నమే దక్కుతుంది. ఘాట్ రోడ్డు పరీక్ష కూడా ఉండాలి. మేట్టుపాళయం నుంచి ఊటీకి ఎక్కితే ఎత్తు 2,200 మీటర్లు దాటుతుంది, గాలి ఒత్తిడి ఐదో వంతుకు పైగా పడిపోతుంది. థ్రాటిల్ ఎంత తెరుచుకుందో మాత్రమే చూసి, గాలి ఒత్తిడిని లెక్కలోకి తీసుకోని మ్యాప్‌తో ఆ కొండెక్కితే పెట్రోలు ఎక్కువై ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది.

మ్యాప్ ఫైలు విషయంలో మొహమాటపడకండి. మా చిన్నాయన కొడుకు బండికి ఒక ట్యూనర్ స్టాండలోన్ వేసి పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకున్నాడు. రెండేళ్లకు దుకాణం మూసేశాడు. ఇంజెక్టర్లు మార్చాల్సి వచ్చేసరికి మ్యాప్ తెరిచే దారి లేక మొదటినుంచి మళ్లీ చేయించాల్సి వచ్చింది. డబ్బిచ్చి చేయించుకున్న పని మనది. పాస్‌వర్డ్ ఇవ్వనంటే ఇంకొకరిని వెతకండి.

చట్టం సంగతి కూడా గుర్తుండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగింపు, మధ్యలో పొగ పరీక్ష ఎలాగూ తప్పవు. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేద్దామనే ట్యూనర్ మాట వినకండి. ఇన్సూరెన్సు వాళ్లకు మార్పు సంగతి రాతలో చెప్పండి, ప్రమాదం జరిగాక చెప్తే ఒప్పుకోరు.

మా ఎస్టీమ్ అసలు కంప్యూటర్ బాగా ముసలిదై మొరాయిస్తోంది, దానికి సరిపోయే మంచి పాతది దొరకలేదు. అందుకే మేము స్టాండలోన్‌కి ఒప్పుకున్నాం. అదీ పాత ప్లగ్గులోనే కూర్చునే అడాప్టర్ వైరింగుతో, ఒక్క వైరు తెగకుండా. అసలు కంప్యూటర్ బీరువాలో ఉంది. ఏ పిన్ను దేనికో తెలుగులో, తమిళంలో రాసిన కాగితం, మ్యాప్ ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ దాని పక్కనే ఉన్నాయి. మన మనవళ్లకు ఈ బాక్సు నచ్చకపోతే తీసి పాతది పెట్టుకునే వీలుండాలి. మీ ఇంట్లో ఎస్టీమ్‌కో జెన్‌కో ఏది కొన్నా, ఆ వీలు పోకుండా చూసుకోండి.