పులస: కట్టుబాటు పాట దగ్గరే

గోదావరికి ఎర్రనీరు తగలగానే పులసకు గిరాకీ లేవడం ఏటా ఉన్నదే. గుడ్లున్న చేపకు పాట మరీ ఎక్కువ. గుడ్లు పెట్టడానికే ఏటికి ఎదురీదే జాతి ఇది. తల్లి బజారుకు వచ్చి, మిగిలినవాటి పిల్లలు సముద్రానికి దిగే దారిలో సన్నకన్ను వలలకు చిక్కితే ముందు ఏళ్ళ రాబడి ఎక్కడిది?

చిన్నదాన్ని తిరిగి నీట వదలమనడం కొర్రమీనుకు చెల్లుతుంది. అది గాలి పీల్చి బతుకుతుంది. పులస వలలో పడితే కాసేపటికే చచ్చిపోతుంది. కనుక నిబంధన వల కన్నుకూ, పాటకూ ఉండాలి. బంగ్లాదేశ్‌లో 25 సెంటీమీటర్ల లోపు పులసను నవంబరు నుంచి జూన్ వరకు పట్టడమే కాదు, అమ్మడమూ నేరమే.

గుడ్ల చేపను మానమంటే ఎవరూ వినరు. పిల్లచేపకు పాట పెట్టబోమని కమీషన్ వర్తకులు ఒక్కమాట మీద నిలవవచ్చు. కొనేవాడు లేని సరకుకు వల వేసేవాడుండడు.