ఆకుల కప్పు కింద అన్వేషణ

సంపాదకులకు,

డ్రోన్లు, ఉపగ్రహాలు వచ్చాక అడవిలో కాలినడకన గాలించే బృందాల అవసరం తీరిపోయిందన్న గత సంచికలోని వ్యాసం, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో మొదలైన అన్వేషణను ప్రస్తావించకుండానే ముగియడం ఆశ్చర్యకరం. నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్‌తో ఆ ఉదయం సంబంధాలు తెగిపోగా, వాయుసేన సుఖోయ్ విమానాన్నీ ఇస్రో పరిజ్ఞానాన్నీ రంగంలోకి దించినా, పావురాలగుట్టపై శకలాలు కనబడేసరికి దాదాపు ఒక రోజు గడిచిపోయింది.

దట్టమైన అడవిలో ఇటువంటి జాప్యానికి పరికరాల స్వభావం కూడా కారణమవుతుంది. వస్తువుల ఉపరితలం నుంచి వెలువడే పరారుణ కిరణాలను చిత్రంగా మార్చే ఉష్ణ కెమెరా, చెట్ల ఆకుల వేడిని నమోదు చేస్తుందే తప్ప వాటి కింద పడి ఉన్న మనిషిని చూపలేదు. ఎండకు కాగిన బండల నడుమనైతే ఆరుబయట ఉన్న మనిషినీ పోల్చుకోవడం కష్టం. తానే రేడియో తరంగాలను పంపి, తిరిగివచ్చిన వాటితో చిత్రం కూర్చే రాడార్ మేఘాలను దాటగలదు గాని, కొద్ది సెంటీమీటర్ల నిడివిగల తరంగాలు చాలావరకు కొమ్మల పైభాగంలోనే చెదిరిపోతాయి. టవర్ అందని లోయలో సెల్‌ఫోన్ సంగతి సరేసరి.

వ్యాసకర్త కోరిన డ్రోన్ల కొనుగోలుకు అభ్యంతరం ఉండనక్కరలేదు. అయితే వాగులూ జంతువుల జాడలూ ఎరిగిన చెంచులను గాలింపు బృందాల్లో శాశ్వత వేతనంపై నియమించడానికి కూడా అదే పద్దులో నిధులు కేటాయించాలి.

— ఒక పాఠకుడు