శుభం కార్డు ఫేజ్-2లో వేస్తారట!

"అది ఫేజ్-2లో చూద్దాం సార్" అనే మాట గురించి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ఫేజ్-2 ఈ జన్మకి రాదని అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. క్లయింటు కాస్త అమాయకుడైతే మీటింగ్ మినిట్స్‌లో రాసుకుంటాడు, అంతే తేడా. ఈ విద్యలో మనల్ని కొట్టేవాడు లేడని ఓ ధీమా ఉండేది మనకి. ఈమధ్య సినిమావాళ్ళు వచ్చి ఆ ధీమా కాస్తా పోగొట్టారు.

మీరే చూడండి. మూడు గంటలు కూర్చుంటాం. హీరో ఎవరు, విలన్‌కి ఆయన మీద పగెందుకు, మధ్యలో ఈ ముసలాయన ఎవరు అని మెల్లిగా ముడులు విప్పుకుంటూ వస్తాం. ఇహ అసలు కథ మొదలవుతుంది అనుకునేసరికి హాల్లో లైట్లు వెలుగుతాయి. 2023 డిసెంబరులో 'సలార్' అలాగే అయింది. 2024 జూన్‌లో 'కల్కి 2898 ఏడీ' అలాగే అయింది. 2024 సెప్టెంబరులో 'దేవర' అయితే, తండ్రిని చంపింది కొడుకే అని తేల్చి ఊరుకున్నారు. ఎందుకు చంపావురా నాయనా అంటే, అది పార్ట్ 2లో చెప్తాడట. ఈ మూడిట్లో ఒక్కదానికి కూడా 2025 ముగిసేదాకా రెండో భాగం రాలేదు. 2023లో వచ్చిన 'పెదకాపు 1' సంగతి సరేసరి, పేరులోనే 1 పెట్టుకుని పాపం ఆ ఒక్కటితోనే ఆగిపోయింది.

మా బందరువాళ్ళకి సీక్వెల్స్ కొత్తేం కాదనుకోండి. మా పోర్టే పెద్ద సీక్వెల్. 2008 ఏప్రిల్లో రాజశేఖరరెడ్డిగారు శంకుస్థాపన చేశారు. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబుగారు పనులు ప్రారంభించారు. 2023 మేలో జగన్‌గారు మళ్ళీ శంకుస్థాపన చేశారు. మూడో భాగంలో గానీ పనులు ఊపందుకోలేదు. కాబట్టి ఓపిక గురించి మాకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. అంతటి ఓపిక ఉన్నవాళ్ళమే విసుక్కుంటున్నామంటే, మిగతా ఊళ్ళవాళ్ళ సంగతి ఆలోచించండి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నేను సీక్వెల్స్‌కి వ్యతిరేకిని కాదు. నా లెక్క ప్రకారం ఇవి మూడు రకాలు.

మొదటిది రోల్డుగోల్డు రకం. లోపల రాగి, పైన బంగారం పూత. హిట్టయిన సినిమా పేరు తీసుకుని, దానికో అంకె తగిలించి, కొత్త సినిమా మీద పూత పూస్తారు. 'కిక్' (2009) తర్వాత 'కిక్ 2' (2015), 'గబ్బర్ సింగ్' (2012) తర్వాత 'సర్దార్ గబ్బర్ సింగ్' (2016) ఈ బాపతే. 2013లో మా బందరు మారుతి రాసి నిర్మించిన 'ప్రేమకథా చిత్రమ్'కి కూడా, 2019లో వేరే దర్శకుడితో, వేరే హీరోతో రెండో నంబరు వచ్చింది. చిలకలపూడివాళ్ళ గురించి ఒక మాట మాత్రం చెప్పాలి. వాళ్ళు అది రోల్డుగోల్డేనని చెప్పి మరీ అమ్ముతారు, ధర కూడా రోల్డుగోల్డు ధరే తీసుకుంటారు. సినిమావాళ్ళు మేలిమి బంగారం రేటు కడతారు. అదీ నా బాధ.

రెండోది అసలు సిసలు సీక్వెల్. మనుషులు పాతవాళ్ళే, గొడవ కొత్తది. 'మనీ' (1993) తర్వాత 'మనీ మనీ' (1995) వచ్చింది. ఖాన్ దాదాని ఇంకోసారి చూడాలని జనానికే అనిపించింది, చూశారు. 'డీజే టిల్లు' (2022) తర్వాత 'టిల్లు స్క్వేర్' (2024), 'మత్తు వదలరా' (2019) తర్వాత 'మత్తు వదలరా 2' (2024) కూడా అంతే. నాని నిర్మించిన 'హిట్' వరస చూడండి. 2020లో ఒక కేసు, 2022లో ఇంకో కేసు, 2025లో మూడోది. ఏ సినిమాలో తెరిచిన కేసు ఆ సినిమాలోనే మూసేసి, వెళ్ళేముందు వచ్చే పోలీసాఫీసర్ని ఓసారి చూపించి పంపేస్తారు. మన భాషలో చెప్పాలంటే, కొన్న టికెట్‌ని క్లోజ్ చేసి పంపిస్తారు. ఓపెన్ టికెట్లతో ఇంటికి పంపరు.

మూడోది ఒకటే కథని రెండు ముక్కలు చేసే రకం. గొడవంతా దీంతోనే.

దీనికి ఆద్యుడు 'బాహుబలి' అంటారు. అంటారే గానీ, అందులో ఉన్న జాగ్రత్త తర్వాతివాళ్ళు చూసుకోలేదు. 2015 జులైలో వచ్చిన మొదటి భాగం చివర కట్టప్ప ప్రశ్న మిగిలిన మాట నిజమే. కానీ ఆ ప్రశ్న పడేముందు కాలకేయుడితో యుద్ధం మొదలై, నడిచి, గెలిచి, రాజు ఎవరో కూడా తేలింది. అంటే ఒక భోజనం పెట్టి, కిళ్ళీ మాత్రం రేపిస్తామన్నారు. ఇప్పటివాళ్ళు విస్తరేసి, నీళ్ళు చల్లి, ఉప్పు వడ్డించి, అన్నం రెండేళ్ళ తర్వాత అంటున్నారు.

'బాహుబలి'వాళ్ళే ఇంకో తమాషా కూడా చేశారు. ఐదున్నర గంటల రెండు సినిమాల్ని కోసి కుట్టి, 3 గంటల 45 నిమిషాల ఒక్క సినిమాగా 2025 అక్టోబరు 31న 'బాహుబలి: ది ఎపిక్' పేరుతో మళ్ళీ వదిలారు. రీఫ్యాక్టరింగ్ అంటే అదీ! ఒకే టికెట్టు మీద మొత్తం కథ చూసొచ్చిన వాళ్ళెవరూ అరిగిపోలేదు.

నాలుగు గంటలు జనం కూర్చోరు అనే వాదన మా వైపు చెల్లదు. 1977 సంక్రాంతికి నిమ్మకూరు రామారావుగారు 'దాన వీర శూర కర్ణ' తీశారు. నిడివి నాలుగు గంటలకి కాస్త అటూ ఇటూ. కర్ణుడు పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా మొత్తం కథ, మధ్యలో దుర్యోధనుడు, కృష్ణుడు కూడా ఆయనే, డైరెక్షనూ ఆయనదే. ఎక్కడా "మిగతాది వచ్చే సంక్రాంతికి" అనలేదు. అంతటాయన జీవితకథని 2019లో 'కథానాయకుడు', 'మహానాయకుడు' అని రెండు ముక్కలు చేశారు. ఒకటి జనవరిలో, ఒకటి ఫిబ్రవరిలో. రెండూ ఆడలేదు. కర్ణుడికి ఒక్క సినిమా సరిపోయింది గానీ కర్ణుడి వేషం వేసినాయనకి సరిపోలేదన్నమాట :)

"మాది సినిమాటిక్ యూనివర్స్ అండీ, మీకర్థం కాదు" అనేవాళ్ళు కూడా తయారయ్యారు. బాబులూ, యూనివర్స్ కనిపెట్టింది మీరు కాదు. గుడివాడ చుట్టుపక్కల ఓ పాతిక మైళ్ళలో పుట్టినవాళ్ళు, పెరిగినవాళ్ళు దాన్ని ఎప్పుడో నడిపారు. 1957లో 'మాయాబజార్'. కృష్ణుడు నిమ్మకూరు ఆయన, అభిమన్యుడు గుడివాడ పక్కన రామాపురం నాగేశ్వరరావుగారు, పాట గుడివాడ దగ్గర చౌటపల్లి ఘంటసాలగారిది, మాటలు బందరు నాటక కంపెనీలో కలం సానపట్టుకున్న పింగళివారివి. ఆరేళ్ళ తర్వాత, 1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధం' వచ్చింది. అక్కడ నాగేశ్వరరావుగారు అర్జునుడు. అంటే తనకి తనే తండ్రి! అదే ఏడాది 'నర్తనశాల'లో రామారావుగారు కృష్ణుడి వేషం పక్కనబెట్టి బృహన్నల అయ్యారు. 'మాయాబజార్'లో శశిరేఖని పెళ్ళాడిన అభిమన్యుడు ఇక్కడ శోభన్‌బాబు రూపంలో ఉత్తరని పెళ్ళాడాడు. శశిరేఖ ఏమైందని అడిగినవాడు లేడు.

ఎందుకడగలేదు? ప్రతి సినిమా తన కథ తను పూర్తిగా చెప్పింది కాబట్టి. 'మాయాబజార్' పెళ్ళి దగ్గర మొదలై పెళ్ళితో అయిపోతుంది. కురుక్షేత్రం ఇంకా ముందుందని అందరికీ తెలుసు, అయినా శుభం కార్డు పడ్డాక ఎవరికీ లోటనిపించదు. భారతం 18 పర్వాలు, అంతకంటే పెద్ద ఫ్రాంచైజీ ఎక్కడుంది? అందులోంచి ఏ ముక్క తీసుకున్నా అది ఒక పూర్తి కథ అయ్యేట్టు తీయడమే వాళ్ళ పనితనం.

ఆ మాటకొస్తే నాగేశ్వరరావుగారు సీక్వెల్ కూడా రుచి చూశారు. 1953లో 'దేవదాసు' చచ్చిపోయాడు. పాతికేళ్ళకి, 1978లో, దాసరి 'దేవదాసు మళ్ళీ పుట్టాడు' తీశారు. ఆ సినిమా మీకు నచ్చచ్చు, నచ్చకపోవచ్చు. కానీ మొదటి సినిమాలో దేవదాసు శుభ్రంగా చచ్చిపోయాడా లేదా? పార్వతి గుమ్మం దాకా బండిలో వచ్చి, "మిగతా చావు రెండో భాగంలో" అనలేదు కదా!

కృష్ణా డెల్టాలో రెండు పంటలు. సార్వా, దాళ్వా. సార్వా కోసి, నూర్చి, ధాన్యం ఇంటికొచ్చాక, కాలవలో నీళ్ళొస్తాయని నమ్మకం కుదిరితే అప్పుడు దాళ్వాకి నారు పోస్తాడు రైతు. సార్వా సగం కోసి, మిగతా సగం దాళ్వాలో కోస్తా అనేవాణ్ణి ఊళ్ళో ఏమంటారో వేరే చెప్పాలా? మన నిర్మాతలు చేస్తున్నది అదే. సెట్లు ఒకసారి వేసి రెండుసార్లు వాడుకోవచ్చు, ఓటీటీకి రెండుసార్లు అమ్ముకోవచ్చు, ఓపెనింగ్స్ రెండుసార్లు వస్తాయి. లెక్కలన్నీ బాగానే ఉన్నాయి. లెక్కలో లేనిదల్లా కథ. రెండు సినిమాలకి సరిపడా కథ ఉండి రెండు భాగాలు చేస్తే అది వేరు. ఒక సినిమాకి సరిపడా కథ ఉంటే, మొదటి భాగం మొత్తం స్లో మోషన్‌లో నడుస్తుంది. హీరో నడక, హీరో చూపు, హీరో చెప్పు.

'హరిహర వీరమల్లు'కి (2025 జులై) బందరువాళ్ళం ఎందుకంత ఆశపడ్డామంటే, 17వ శతాబ్దపు మచిలీపట్నం రేవు సెట్టు వేశారని విన్నాం. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు కోఠీలు పెట్టుకున్న రేవు అది, మా ఊరి మంచిరోజులు. ఐదేళ్ళు తీశారు, మధ్యలో దర్శకుడు మారారు. చివరికి కోహినూరు తెస్తానని ఢిల్లీ బయల్దేరిన వీరమల్లు, పార్ట్ 1 అయ్యేసరికి ఇంకా దారిలోనే ఉన్నాడు. బస్సు బ్రేక్‌డౌన్ అయితే కండక్టరు మిగతా దూరానికి డబ్బులు వెనక్కిస్తాడు. ఇక్కడ ఆ సౌకర్యం కూడా లేదు.

డబ్బుల మాట వచ్చింది కాబట్టి. 2021 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో పల్లెటూరి నాన్ ఏసీ హాల్లో కిందితరగతి టికెట్టు 5 రూపాయలన్నది. ఆ గొడవ ముదిరిన రోజుల్లో సినిమాటోగ్రఫీ చూసిన మంత్రి అప్పటి మా బందరు ఎమ్మెల్యే పేర్ని నానిగారే. 2025 సెప్టెంబరులో అదే రాష్ట్రంలో 'ఓజీ' బెనిఫిట్ షో టికెట్టు వెయ్యి రూపాయలకి అనుమతిచ్చారు. 5కి హాలు నడవదు, నిజమే. వెయ్యికి కుటుంబం కదలదు, అదీ నిజమే. మన ఐటీవాళ్ళకి వెయ్యి పెద్ద లెక్క కాకపోవచ్చు. నాగాయలంక అవతల పల్లె నుంచి పెళ్ళాం పిల్లలతో అవనిగడ్డకో బందరుకో వచ్చి సినిమా చూసేవాడికి, మామూలు రేటు రోజున కూడా టికెట్లు, దారి ఖర్చు, సమోసాలు కలిపితే ఒక రోజు కూలి దాటిపోతుంది. అతను కొనుక్కున్నది ఒక కథ. సగం చేతిలో పెట్టి, మిగతాది మూడేళ్ళ తర్వాత మళ్ళీ డబ్బులిచ్చి తీసుకో అంటున్నాం. ఒకసారి ఊరుకుంటాడు. రెండోసారి, రెండు భాగాలూ వచ్చాక ఫోన్లో చూద్దాంలే అంటాడు. అలా అన్న రోజున ఆ ఊరి హాలు కల్యాణమండపం అవుతుంది.

మా వైపు సినిమా అభిమానం ఊరికే పుట్టింది కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ఊడ్చేసినప్పుడు రామారావుగారు, నాగేశ్వరరావుగారు రోడ్ల మీదకొచ్చి విరాళాలు అడిగారు. తెర మీద బొమ్మలు గుమ్మంలోకొచ్చి జోలె పట్టాయి. ఆ పరపతి మీదే మన హీరోలు ఇప్పటికీ మొదటి రోజు హాళ్ళు నింపుకుంటున్నారు. అది అప్పు కాదు, ఆస్తి. ఆస్తిని సగం సగం సినిమాల మీద తాకట్టు పెడితే ఎన్నాళ్ళుంటుంది?

అందుకని, ఒక ప్రేక్షకుడిగా నా రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు ఇదిగో. మూడే మూడు పాయింట్లు.

1. సగం కథే ఉంటే ఆ సంగతి పోస్టరు మీద, టికెట్టు మీద ముందే వేయండి. 'సలార్', 'దేవర' ఈ ఒక్క మర్యాదా పాటించాయి, సంతోషం. హాల్లోకి వచ్చాక చివర్లో చెప్పడం కుదరదు.

2. ఇంటర్వెల్ లోపు మీరడిగిన పెద్ద ప్రశ్నకి ఆ సినిమాలోనే జవాబు చెప్పండి. కొత్త ప్రశ్న కావాలంటే చివర్లో వేసుకోండి, కాదనం.

3. రెండో భాగం కథ కాగితం మీద లేకుండా మొదటి భాగం విడుదల చేయొద్దు. కోడ్ లేకుండా రిలీజ్ డేట్ చెప్పేవాళ్ళం మేం చాలామందిమి ఉన్నాం, మీరు కూడా ఎందుకు?

ఇదంతా చదివి "మరి రేపు దేవర 2 వస్తే వెళ్ళవా?" అని మీరడగచ్చు. వెళ్తాను. మొదటి రోజే వెళ్తాను. తండ్రిని ఎందుకు చంపాడో తెలుసుకోవద్దూ? ఆ సంగతి వాళ్ళకీ తెలుసు కాబట్టే కదా అక్కడ ఆపారు!